కలువ ఆకులన్నీ జల్లెడ అవుతున్నాయి, నీళ్లలో నల్ల పెంకు పురుగులు – ఏం చేయాలి?

#1 తెల్లకలువ

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా పెద్ద సిమెంటు తొట్టిలో కలువలు పెంచుతున్నాను. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. పది పన్నెండు రోజులుగా మాత్రం పొద్దున్నే తొట్టి దగ్గరికి వెళ్లాలంటేనే మనసొప్పడం లేదు. కొత్త ఆకు నీటి మీద పరుచుకున్నాక రెండు రోజులు నవనవలాడుతుంది. మూడో రోజుకి పైన సన్నటి వంకర గీతలు పడతాయి. ఆ గీతలే రంధ్రాలవుతాయి, వాటి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇంకో వారం పది రోజులకి ఆకు కుళ్లి నీళ్లలోకి దిగిపోతుంది. 14 ఆకులుండే మొక్కకి ఇప్పుడు 5 మిగిలాయి. మొగ్గ కనబడి ఇరవై రోజులైంది.

నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే దొంగ దొరికింది. నల్లగా, నున్నగా, బొటనవేలి గోరు కన్నా పెద్దగా ఉన్న పెంకు పురుగు. వెనక కాళ్లు తెడ్లలా ఆడిస్తూ ఈదుతోంది. మధ్యమధ్యలో పైకొచ్చి, వెనక భాగం నీటి పైకి ఆనించి, మళ్లీ కిందికి పోతోంది. అలాంటివి మూడు పట్టుకుని చంపేశాను. ఇంకా ఎన్ని ఉన్నాయో అని ఒకటే టెన్షన్. తొట్టిలో గప్పీ చేపలు పాతిక దాకా ఉన్నాయి. వాటికేమీ కాకుండా ఈ పురుగుల్ని చంపే మందు ఏదైనా ఉంటే చెప్పండి.

#2 పచ్చనాకు

పెంకు పురుగుకి సైపర్‌మెత్రిన్‌ని మించింది లేదండీ. నేను గులాబీల మీద కొడతాను, ఒక్కసారికే శుభ్రమైపోతాయి. నీళ్లలో పడకుండా ఆకుల పైన మాత్రమే సన్నగా కొట్టండి, సరిపోతుంది.

#3 చేపలతొట్టి

తెల్లకలువ గారూ, దయచేసి ఆ పని చేయకండి. ఆకు నీటి మీదే కదా ఉండేది, మందు నీళ్లలో పడకుండా ఎలా కొడతారు? రెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఒకరు చెప్పిన మాట విని పేనుబంక కోసం అదే రకం మందు కొట్టాను. అంతా కలిపి నాలుగైదు పిచికారీలు, అంతే. సాయంత్రానికి చేపలు పక్కకి ఒరిగి గింగిరాలు తిరగడం మొదలుపెట్టాయి. నీళ్లు మార్చాను, గాలి పంపు పెట్టాను, రాత్రంతా కూర్చున్నాను. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. అందులో ఆరేళ్లు పెంచిన జత ఒకటి ఉంది.

తర్వాత తెలుసుకున్న సంగతి ఏమిటంటే, సైపర్‌మెత్రిన్ లాంటి ఈ పైరెత్రాయిడ్ మందుల్ని చేప మొప్పల ద్వారా చాలా త్వరగా లాక్కుంటుంది. ఒంట్లో వాటిని విరగ్గొట్టే శక్తి మాత్రం చేపకి బాగా తక్కువ. మనకి ఏమాత్రం కాదనిపించే మోతాదు కూడా చేపని చంపేస్తుంది.

#4 తూనీగ

చేపలతొట్టి గారు చెప్పినదానికి నాదీ అదే మాట. మందు సంగతి పక్కన పెట్టండి. తెల్లకలువ గారూ, మీరు చంపిన పురుగులు మీ కలువ జోలికి వచ్చి ఉండవు.

వెనక భాగం పైకి పెట్టి గాలి తీసుకుందని రాశారు చూడండి, అదే గుర్తు. అవి డైటిసిడే కుటుంబానికి చెందిన ఈత పెంకు పురుగులు. ఈ కుటుంబంలో నాలుగు వేలకు పైగా జాతులున్నాయి. రెక్కల పెంకుల కింద గాలిని నింపుకుని, ఆ మూటతోనే నీళ్లలో తిరుగుతాయి. గాలి అయిపోతే తోక వైపు నుంచి మళ్లీ నింపుకుంటాయి. ఇవి వేటాడి బతికేవి. దోమ పిల్లలు, ఇతర పురుగులు, తోకకప్పలు, చనిపోయినవేమైనా దొరికితే అవీ తింటాయి. వీటి లార్వా ఇంకా గట్టిది. కొడవళ్లలా వంగిన బోలు దవడల్ని గుచ్చి, లోపలికి జీర్ణరసం ఎక్కించి, కరిగినదాన్ని పీల్చేస్తుంది. పెద్ద జాతులైతే చిన్న చేపలకీ ప్రమాదమే, కాబట్టి మీ గప్పీల కోసం వాటిని పట్టి వేరే నీళ్లలో వదలడం న్యాయమే. కొన్ని జాతుల ఆడ పురుగులు గుడ్లు పెట్టడానికి కాడలకి చిన్న గాట్లు పెడతాయి. కలువకి వాటివల్ల జరిగేది అంతవరకే.

నీళ్లలో కనబడే ఇంకో పెద్ద రకం హైడ్రోఫిలిడే కుటుంబానిది. అది తల వైపు నుంచి, మీసాలతో నీటి పొరని చీల్చి గాలి తీసుకుంటుంది. పొట్ట కింద గాలి పొర వెండిలా మెరుస్తుంది. ఎదిగిన పురుగులు ఎక్కువగా కుళ్లిన ఆకులు, పాచి తింటాయి. పచ్చటి ఆకుని ఇలా జల్లెడ చేసేది అదీ కాదు.

కలువని తినే పెంకు పురుగు ఈదదు, ఆకు మీదే పుట్టి ఆకు మీదే పెరుగుతుంది. పగటి వెలుతురులో, భూతద్దం ఉంటే మరీ మంచిది, ఒక ఆకుని దగ్గరగా చూసి చెప్పండి: గీతలు పైవైపునే ఉన్నాయా, కింది పొర మిగిలిందా? గీత చివర ఏమైనా ఉందా? పసుపు రంగు గుడ్ల కుప్పలు కనబడుతున్నాయా?

#5 తెల్లకలువ

చంపేసినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఇప్పుడే చూసి వచ్చాను. అరచేతంత ఆకు ఒకటి కోసి తెల్ల ప్లేటులో పెట్టుకుని అరగంట చూశాను. మీరన్నట్టే గీతలు పైవైపే ఉన్నాయి. పచ్చదనమంతా గీకేసి కింద పల్చటి పొర వదిలేసింది, కొన్నిచోట్ల ఆ పొర కూడా చిరిగి రంధ్రమైంది. ఒక గీత చివర బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద పురుగు ఉంది. వీపు నల్లగా, మెరుపుతో, అడ్డంగా మడతలు మడతలుగా ఉంది. అగ్గిపుల్లతో తిరగేస్తే పొట్ట పసుపు. తల కదిలిస్తూ తింటూనే ఉంది, వెనక సన్నటి నల్ల రెట్టల చార. కాడ కలిసే చోటుకి దగ్గర్లో గుడ్ల కుప్ప, లెక్కపెడితే 13, పసుపు రంగు. ఇంకో పక్క నల్లటి ఉండలా ఒకటి కదలకుండా ఆకుకి అతుక్కుని ఉంది. అంచు మీద మట్టిరంగు చిన్న పెంకు పురుగు ఒకటి, అర సెంటీమీటరు ఉంటుందేమో, నేను రోజూ చూసి ఏదో గింజ అనుకున్నది అదే! వేలు పెట్టేసరికి ఎగిరిపోయింది.

ఒకే ఆకు మీద ఇన్ని ఉంటాయని అనుకోలేదు.

#6 తూనీగ

ఎంత చక్కగా చూశారండీ! గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు, నాలుగు దశలూ ఒకే ఆకు మీద దొరికాయి మీకు. ఇది గాలెరుసెల్లా. కలువ ఆకు పెంకు పురుగుగా బాగా పేరుపడిన జాతి గాలెరుసెల్లా నింఫియే. కదలని నల్లటి ఉండ ప్యూపా. ఇవి ప్యూపా దశకి కూడా ఆకు దిగవు.

గుడ్లు పొదగడానికి వారం లోపు, లార్వా తిని పెరగడానికి రెండు వారాల దాకా, ప్యూపాకి ఇంకో వారం లోపు. వాతావరణం వెచ్చగా ఉంటే మూడు నాలుగు వారాల్లో ఒక తరం అయిపోతుంది. అందుకే ఒక నెల పట్టించుకోకపోతే తొట్టంతా అవే అవుతాయి.

కలువకి ఇది ఎందుకంత దెబ్బ అంటే, నేల మొక్కల్లో ఎక్కువవాటికి శ్వాసరంధ్రాలు ఆకు కిందివైపు ఉంటాయి. నీటి మీద తేలే ఆకుకి అవి పైవైపే ఉంటాయి. లార్వా గీకేసేది సరిగ్గా ఆ పొరనే. పైగా కలువ కుటుంబంలో లేత ఆకులు లాక్కున్న గాలి కాడల గుండా బురదలో ఉన్న దుంప దాకా పోతుంది. ఆకులు పోతుంటే దుంపకి తిండే కాదు, గాలీ తగ్గుతుంది. కలువకి దగ్గరి చుట్టమైన న్యూఫర్ మీద 1985లో వచ్చిన పరిశోధనలో ఈ పురుగు లేని చోట ఆకు 45 రోజులు బతికితే, ఉన్న చోట 17 రోజులకే పోయిందని తేలింది. అంటే మొక్క కొత్త ఆకులు వేయడానికే బలమంతా ఖర్చు పెట్టుకోవాలి. మీకు మొగ్గలు ఆగిపోయింది అందుకే.

#7 పచ్చనాకు

నేను తొందరపడి రాశాను, తెల్లకలువ గారూ, మన్నించండి. చేపలతొట్టి గారి పోస్టు చదివాక నా సలహా ఎంత ప్రమాదమో అర్థమైంది. ఒక్క సందేహం. దోమ పిల్లలకి నీళ్లలో వేసే బీటీ బిళ్లలు చేపలకి ఏమీ చేయవంటారు కదా, అవి ఈ పురుగుకి పనికొస్తాయా?

#8 నీటితోట

పచ్చనాకు గారూ, మంచి ప్రశ్న. పనికిరావు. బీటీ అంటే పురుగుల్ని చంపే ఒక బ్యాక్టీరియాతో చేసే మందు, కానీ అది ఒకటే మందు కాదు. దోమలకి వాడేది ఇజ్రాయెలెన్సిస్ రకం, అది దోమలూ వాటి దగ్గరి చుట్టాల లార్వాల మీదే పనిచేస్తుంది. గొంగళి పురుగులకి వాడేది కుర్‌స్టాకి. ఆకు పెంకు పురుగుల లార్వాల మీద పనిచేసేది టెనెబ్రియోనిస్ అనే ఇంకో రకం, అదీ చిన్న లార్వాల మీదే, అవి తిన్న ఆకు మీద మందు ఉంటేనే. కలువ ఆకు మీద ఏది నిలుస్తుంది చెప్పండి, ఒక్క అల వచ్చిందంటే కడుక్కుపోతుంది.

వేప నూనె, సబ్బు నీళ్లు కూడా వద్దు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాతి సలహా ఎప్పుడూ అదే వస్తుంది. తూనీగ గారు రాశారు కదా, శ్వాసరంధ్రాలు పైవైపే అని. వాటి మీద నూనె పొర పడితే పురుగు చేసే పనే మనమూ చేసినట్టు. ఇక సబ్బు చేప మొప్పల మీద దాడి చేస్తుంది.

ఇరవై ఏళ్లుగా నేను చేసేది చేతి పనే.

ముందు బాగా పాడైన ఆకుల్ని కాడతో సహా కోసి తీసేయాలి. తీసి గట్టు మీద పడేయకూడదు, వాటి మీది ప్యూపాలు రెండు మూడు రోజుల్లో పెద్ద పురుగులై ఎగిరి మళ్లీ తొట్టికే వస్తాయి. సంచిలో కట్టి ఎండలో పెట్టండి, లేదా లోతుగా పూడ్చండి. మిగిలిన ఆకుల మీద గుడ్ల కుప్పల్ని వేలితో నలిపేయాలి. గుడ్లు జిగురుతో అతుక్కుని ఉంటాయి, నీటి ధారకి ఊడవు.

తర్వాత ముంచడం. తొట్టి పైన పెద్ద కంతలున్న పాత తెర పరిచి, అంచుల్లో గులకరాళ్లు పెట్టి, ఆకులన్నీ నాలుగు వేళ్ల లోతు మునిగేలా చేయండి. ఒక పగలు, ఒక రాత్రి, అంతే. లార్వాలకి ఈత రాదు. ఆకు మునిగితే పట్టు వదిలి కొట్టుకుపోతాయి, మిగతా పని మీ గప్పీలు చూసుకుంటాయి. తెర కంత చేప దూరేంత ఉండాలి, లేదంటే అవి కింద, పురుగులు పైన ఉండిపోతాయి. 24 గంటలు దాటితే మాత్రం ఆకు నీళ్లు పట్టి మెత్తబడుతుంది, తీసేయండి. ఇలా వారానికి ఒకసారి, నాలుగు వారాలు. మధ్యలో ఒక్క వారం మానినా మళ్లీ మొదటికి వస్తుంది, ఇది నేను పడ్డ పాటు.

ఆకులు తక్కువుంటే ముంచక్కర్లేదు, పైపుతో గట్టి ధార కొట్టి లార్వాల్ని నీళ్లలోకి తోసేయండి.

ఇంకొకటి. పెద్ద పురుగులు గడ్డు కాలాన్ని తొట్టి చుట్టూ ఎండిపోయిన బోలు కాడల్లో, ఆకుల చెత్తలో దాక్కుని గడుపుతాయి. జమ్ము, రెల్లు లాంటివి పక్కన ఉంటే ఎండిన కాడలు కోసేసి శుభ్రం చేయండి. వచ్చే ఏడాది సగం బాధ తప్పుతుంది.

#9 అలలు

మధ్యలో వస్తున్నాను. నా కలువ ఆకులకి గీతలు కాదు, కత్తెరతో కోసినట్టు అండాకారపు ముక్కలు ఎగిరిపోతున్నాయి. ఇదీ అదే పురుగా?

#10 తూనీగ

కాదు, అలలు గారూ. అది చిమ్మటకి పుట్టిన గొంగళి పురుగు. ఆకు ముక్క కోసుకుని దాన్ని కప్పుకుని, రెండు ముక్కల మధ్య పడవలో ఉన్నట్టు తిరుగుతుంది. తేలుతున్న ఆకు ముక్కల్ని తిరగేసి, జంటగా అతికినవి విప్పండి, లోపల ఉంటుంది. ఏరేయడమే దీనికి మందు.

#11 తామరదుంప

తూనీగ అన్నా, నాదొక సమస్య ఉంది, రెండు నెలలుగా ఎవర్ని అడిగినా ఎరువు వేయమంటున్నారు. పెద్ద టబ్బులో తామర. ఆకుల మీద ఒక్క రంధ్రం లేదు, పురుగు లేదు. కానీ ఆకులు చిన్నవైపోయి, పసుపు తిరిగి, కాడ నిలబడడం లేదు. ఎరువు రెండుసార్లు వేశాను, ఇంకా పాడైంది. నిన్న ఒక ఆకు పట్టుకుని మెల్లగా లాగితే వేర్లు లేకుండా ఊడి చేతికి వచ్చింది. ఈ మధ్య టబ్బు అంచు మీద రాగిరంగు మెరుపుతో పొడుగాటి పెంకు పురుగులు రెండు మూడు కనబడ్డాయి, అందంగా ఉన్నాయని ఫొటో కూడా తీశాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

#12 నీటితోట

తమ్ముడూ, సంబంధం ఉంది. ఆ అందమైనదే తల్లి. దాన్ని డొనేసియా అంటారు. తూనీగ గారు మీకు వివరంగా చెప్తారు, ఈలోగా ఎరువు ఆపేయండి.

#13 తూనీగ

నాకు అన్ని నీటి పురుగుల్లోకీ ఆశ్చర్యం కలిగించేది డొనేసియా. నష్టం చేస్తుందని తెలిసీ చూస్తూ ఉండిపోతాను.

గాలెరుసెల్లాకి ఇది దగ్గరి బంధువే, ఇద్దరిదీ ఆకు పెంకు పురుగుల కుటుంబం, క్రైసోమెలిడే. పెద్ద పురుగు నీటి పైన తిరుగుతుంది, ఆకుపచ్చ, రాగి, కంచు మెరుపుతో. పొట్ట కింద సన్నటి నూగు దట్టంగా ఉండడంతో నీళ్లు అంటవు. కొన్ని జాతుల్లో తల్లి తేలే ఆకుకి గుండ్రటి రంధ్రం కొరికి, తోక ఆ రంధ్రంలోంచి కిందికి దింపి, ఆకు కిందివైపు రంధ్రం చుట్టూ వరసలుగా గుడ్లు పెడుతుంది. పొదిగిన లార్వా బురదలోకి దిగిపోయి వేర్లు, దుంపలు పట్టుకుంటుంది.

బురదలో గాలి దాదాపు ఉండదు కదా, మరి ఊపిరి ఎలా? లార్వా తోక చివర కొక్కేల్లాంటి రెండు ముళ్లుంటాయి. వాటిని వేరులోని గాలి గదుల్లోకి గుచ్చి, మొక్క దుంప కోసం కిందికి పంపుకున్న గాలినే పీలుస్తుంది. తిండీ ఊపిరీ రెండూ ఆ వేరు నుంచే. తర్వాత వేరుకే అతుక్కుని గోధుమరంగు గూడు కట్టుకుంటుంది. నీళ్లు చొరబడని ఆ గూడు నిండా కూడా మొక్క నుంచి తీసుకున్న గాలే. లార్వా దశ చాలా నెలలు సాగుతుంది. పైన చూస్తే ఏమీ కనబడదు. మొక్క నీరసించడం, లాగితే ఊడిరావడం, అంతే.

చైనాలో తామర దుంప పండించే చోట్ల డొనేసియా ప్రొవోస్టై అనే జాతి వేర్లని తినే తెగులుగా రైతులకి బాగా తెలిసినదే.

పైన ఎంత మందు కొట్టినా ఇది చావదు. టబ్బు ఖాళీ చేయాలి. దుంపని బయటికి తీసి ధార కింద కడిగి, వేరు వేరూ చూడాలి. లార్వా తెల్లగా, లావుగా, కాస్త వంకరగా, సెంటీమీటరు దాకా ఉంటుంది. గూళ్లు అగ్గిపుల్ల తలల కన్నా పెద్దవి, వేరుకి గట్టిగా అతుక్కుని ఉంటాయి, గోటితో గిల్లాలి. పాత మట్టి మొత్తం పారేసి, పూర్తిగా ఎండనివ్వాలి. ఆరోగ్యంగా ఉన్న దుంప ముక్క కొసమొగ్గతో సహా ఒక్కటి దొరికినా చాలు, కొత్త మట్టిలో నిలబడుతుంది.

#14 తామరదుంప

అన్నా, ఇవాళ సెలవు పెట్టి మరీ టబ్బు తిరగేశాను. లార్వాలు 31, గూళ్లు 19. ఒక లార్వాని వేరు నుంచి ఊడదీస్తుంటే తోక కొక్కేలు వదల్లేదు, వేరు సాగి తెగింది, ఆ తెగిన చోట నుంచి నీళ్లలో చిన్న గాలి బుడగ ఒకటి లేచింది. మీరు చెప్పింది కళ్లారా చూశాను. దుంపల్లో రెండు ముక్కలే గట్టిగా ఉన్నాయి. వాటిని వేరే నాటాను. రెండు నెలలు ఎరువు వేస్తూ ఆ లార్వాల్ని పెంచానన్నమాట అనుకుంటే ఏడుపొచ్చింది.

#15 నీటితోట

రెండు ముక్కలు చాలు తమ్ముడూ. తామర దుంప మొండిది. ఇప్పుడే లోతు నీళ్లు పెట్టకండి, మట్టి పైన రెండు మూడు అంగుళాలు చాలు, నీళ్లు త్వరగా వేడెక్కితే మొలక లేస్తుంది.

#16 అలలు

దొరికింది తూనీగ గారూ, ఆకు ముక్కల జంటలో. ఆరు. ధన్యవాదాలు.

ఇంకో సంగతి అడగాలి. నా దగ్గర గుర్రపు డెక్క కూడా కాస్త ఉంది. దాని ఆకుల మీద చిన్న చిన్న చదరపు మచ్చలు, పైపొర గీకినట్టు. ఇదీ గాలెరుసెల్లానేనా?

#17 తూనీగ

అది నియోకెటీనా అనే ముక్కు పురుగు. రాత్రిపూట తింటుంది, పగలు ఆకు మడతల్లో దాక్కుంటుంది. లార్వా కాడ లోపల తొలుచుకుంటూ పోయి, నీటి కింద వేర్లలో ప్యూపా అవుతుంది. దయచేసి దాన్ని చంపకండి. గుర్రపు డెక్కని అదుపు చేయడానికి ఎన్నో దేశాలు కోరి తెచ్చుకున్న పురుగు అది.

ఇంకో ముక్కు పురుగు కథ ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. సాల్వినియా అనే తేలే ఫెర్న్ చెరువులకి చెరువులే కప్పేస్తుంటే, 1970లలో సిర్టోబాగస్ సింగులారిస్ అనే ముక్కు పురుగుని కొన్ని దేశాల్లో వదిలారు. పెద్దగా ఫలితం రాలేదు. తర్వాత బ్రెజిల్ నుంచి అదే జాతి అనుకుంటూ తెచ్చిన పురుగుల్ని 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే, మరుసటి ఏడాదికల్లా దాదాపు 200 హెక్టార్ల సాల్వినియా మాయమైంది. తీరా పరీక్షగా చూస్తే అది వేరే జాతి. దానికి సిర్టోబాగస్ సాల్వినియే అని పేరు పెట్టింది 1985లో. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పనిలో ఇంత తేడా. మన తొట్టిలో కూడా పెంకు పురుగు కనబడగానే చెయ్యెత్తకుండా ఒక్క పూట చూడమని నేను బతిమాలేది ఇందుకే.

#18 తెల్లకలువ

అందరికీ మళ్లీ నమస్కారం. మొదటి పోస్టు పెట్టి నాలుగు వారాలు దాటింది.

నీటితోట గారు చెప్పినట్టే చేశాను. మొదటి వారం ముంచినప్పుడు గప్పీలు తెర కంతల్లోంచి ఎగబడి తినడం చూసి కూర్చుండిపోయాను. రెండో వారం లార్వాలు సగమైనా లేవు. మూడో వారం గుడ్ల కుప్పలు మూడే దొరికాయి. ఈ వారం ఒక్కటి. పొద్దున కాఫీ కప్పుతో వెళ్లి ఆకుల మీద వేలు పోనివ్వడం ఇప్పుడు అలవాటైపోయింది, ఐదు నిమిషాల పని. ఎండిన జమ్ము కాడలు కూడా కోసేశాను, ఒకదాన్ని చీలిస్తే లోపల మట్టిరంగు పెంకు పురుగులు నాలుగు.

తూనీగ గారు 45 రోజుల లెక్క చెప్పినప్పటి నుంచి ఒక పని చేస్తున్నాను. మొదటిసారి ముంచి తీసిన మర్నాడు విప్పుకున్న ఆకు కాడకి ఎర్ర దారం కట్టాను. ఇవాళ్టికి 26 రోజులు. అంచున ఒకచోట చిన్న గీత ఉంది, అంతే, మిగతా ఆకంతా పచ్చగా ఉంది. మొక్కకి ఇప్పుడు 9 ఆకులు. కింద నీళ్లలో మొగ్గ ఒకటి, ఇంకా రెండు జానల లోతులో ఉంది.

నిన్న రాత్రి టార్చి వేస్తే మళ్లీ ఈత పెంకు పురుగు. వెనక భాగం పైకి ఆనించి గాలి నింపుకుని కిందికి దిగింది. జల్లెడతో మెల్లగా పట్టి, చేపలు లేని పక్క తొట్టిలో వదిలాను. అక్కడ దోమ పిల్లలు బోలెడున్నాయి.

#19 తామరదుంప

అక్కా, ఆ ఎర్ర దారం ఆకు ఫొటో 45వ రోజున పెట్టండి. నాది రెండు ముక్కల్లో ఒకటి మొలకెత్తింది, చుట్టుకుని సూదిలా ఉంది, ఇంకా విప్పుకోలేదు.